సున్నపురాతి మీద ఎర్ర అంకెలు

ఎర్ర పెయింటు వాసన నాకు పడదు. మా ఇంట్లో తలుపులు, కిటికీలు, ఇనప బీరువా, అన్నీ నీలమే. వచ్చినవాళ్ళు చూసి, రంగుల కొట్టువాడు మిగిలిపోయిన సరుకంతా నీకే అంటగట్టాడా అని అడుగుతారు. అవునని నవ్వేస్తాను. అసలు సంగతి చెప్పాలంటే ఒక కొండ దగ్గర మొదలుపెట్టాలి. అంత ఓపిక వాళ్ళకీ ఉండదు, నాకూ ఉండదు. ఇవాళ కూర్చున్నాను కాబట్టి రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో మా గురజాల వైపు సిమెంటు అనే మాటకి బంగారం అనే మాటకున్నంత మర్యాద ఉండేది. నాలుగు బస్తాలు కావాలంటే పర్మిట్టు కోసం ఆఫీసు మెట్లు అరగదీయాల్సిన రోజులు. అలాంటప్పుడు మా ఊరికి ఆనుకుని ఉన్న సున్నపురాతి గుట్ట దగ్గర ఒక చిన్న సిమెంటు ఫ్యాక్టరీ లేచింది. స్కూటరు మీద ఒకాయన వచ్చి టీకొట్టు బల్ల మీద ఫారాలు పరిచి, ఈ కంపెనీలో షేరు పదే రూపాయలని చెప్పాడు. కళ్ళెదుట కొండ కనపడుతోంది, పక్కనే పొగగొట్టం కనపడుతోంది. మిరపకాయలు అమ్ముకున్న చేతులు ఊరుకుంటాయా. సంతకాలు వచ్చినవాళ్ళు సంతకం, రానివాళ్ళు వేలిముద్ర.

నేను షేర్లు కొనలేదు. కొనే మొహమైతే కూలికెందుకు పోతాను? ఏడో తరగతితో బడికీ నాకూ చెల్లిపోయింది. అయితే బడి నాకొక ఆస్తి ఇచ్చి పంపింది: అంకెలు అచ్చు గుద్దినట్టు రాస్తాను. ఆ గుణం చూసే క్వారీలో పనిచ్చారు. రాతికి డ్రిల్లుతో బెజ్జాలు వేస్తారు. ప్రతి బెజ్జం పక్కన ఎర్ర పెయింటుతో ఒక నంబరు రాయాలి. దాన్ని చూసి తూటాల మేస్త్రి మందు దట్టించి, వైర్లు లాగి, మధ్యాహ్నం పన్నెండింటికి ఈల ఊది పేలుస్తాడు. ఆ చప్పుడు వినే ఊళ్ళో ఆడవాళ్ళు అన్నాలు వార్చేవాళ్ళు. చేతిలో బ్రష్షు, డబ్బా పట్టుకుని తిరుగుతూ, పని లేనప్పుడు డ్రైవర్ల లారీల వెనక వాళ్ళకి నచ్చని మాటలు రాస్తూ, రోజుకి రెండు తిట్లైనా తినకుండా ఇంటికి పోయేవాణ్ణి కాదు.

మా వెనక వీధిలో బాబాయి ఉండేవాడు. చుట్టరికం ఏమీ లేదు, పిలుపు వరకే. ఆయనకి కాలువ కింద ఎకరం మిరప, మెట్టన అరెకరం, పిల్లల్లేరు, పిన్ని ఉంది. పిన్ని మాట తుమ్మముల్లు. బాబాయి మాట్లాడటమే తక్కువ. ఆయన నూరు షేర్లకి డబ్బు కట్టాడు. కొన్నాళ్ళకి కాగితం రిజిస్టరు పోస్టులో వస్తే మడత పడకుండా తువ్వాల్లో పెట్టుకుని నేరుగా క్వారీకే తెచ్చాడు.

"ఒరేయ్, నువ్వు కంపెనీ మనిషివి గదా. ఇందులో ఈ నంబర్లేందిరా?"

చూశాను. 14201 నుంచి 14300 వరకు అని ఉంది. అవి షేర్లకి వేసిన వరస నంబర్లని అప్పటికి నాకూ తెలియదు. కానీ తెలియదని చెప్పడం నా నోటికి అలవాటు లేదు.

"సర్వే నంబర్లు బాబాయ్. కొండని ముక్కలు చేసి పంచారు. ఇది నీ ముక్క."

"యాడుంది?"

"రేపు రా, చూపిస్తా."

ఆ సాయంత్రం గుట్ట పై అంచున, తూటాలు ఇంకా చేరని ఒక నున్నటి రాతి ముఖం చూసుకుని, అర గజం అంకెలతో ఆ నంబర్లు రాశాను. మర్నాడు కూలీలందరం కంప్రెసరు చాటున నక్కి నవ్వడానికి సిద్ధంగా ఉన్నాం. బాబాయి వచ్చాడు. అంకెల్ని తువ్వాల్లోని కాగితంతో ఒక్కొక్కటే సరిచూసుకున్నాడు. తర్వాత చెప్పులు విడిచి, పక్కన పెట్టి, రాతి దగ్గరికి పోయి అరచేయి ఆనించాడు. ఆనించి అలాగే నిలబడ్డాడు, చంటిపిల్లకి జ్వరం ఉందేమోనని చూసినట్టు.

ఒక్కడూ నవ్వలేదు. తూటాల మేస్త్రి నా భుజం మీద చెయ్యి వేసి, "సాయంత్రంలోగా నిజం చెప్పెయ్యరా, ఆ మనిషి నిన్ను నమ్మాడు" అన్నాడు. రేపు చెప్తాలే అన్నాను.

రేపటి సంగతి మీకు తెలుసు కదా. అది రాదు.

రెండు మూడేళ్ళు గడిచాయి. చుట్టూ పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు వచ్చాయి. పర్మిట్లు పోయాయి, సిమెంటు ఎక్కడ పడితే అక్కడ దొరకడం మొదలైంది. దానికి తోడు వానలు మొహం చాటేశాయి. చేతిలో డబ్బు లేక ఇళ్ళు కట్టేవాళ్ళు పునాదుల్లోనే ఆగిపోయారు. మా గోడౌన్లో బస్తాలు గడ్డకట్టి బండలయ్యాయి. బట్టీ ఆర్పేశారు. కూలీలకి లెక్క చెప్పి పంపేశారు. మేస్త్రి మాచర్ల వైపు పలకరాయి క్వారీలకి పోయాడు. గుట్టకి పగటి కాపలాగా సగం జీతం మీద నన్నొక్కణ్ణి ఉంచారు. ఎందుకంటే నాకు పోవడానికి ఇంకో చోటు లేదని వాళ్ళకి తెలుసు.

పదిరూపాయల షేరు రెండు రూపాయలకి దిగింది. ఆ రెండు రూపాయలిచ్చేవాడు కూడా ఏదో దయ తలిచినట్టు మొహం పెట్టేవాడు. ఊళ్ళో జనం ఆ కాగితాలు తీసి ఎవరు కొంటారా అని వెతుక్కుంటున్నారు. కొనేవాడు ఒక్కడే కనపడ్డాడు. బాబాయి.

"ఏంది బాబాయ్, అందరూ వదిలించుకుంటంటే నువ్వు ఎత్తుకుంటన్నావు?"

"ధర పడ్డప్పుడే గదరా పొలం కొనాల్సింది. పంటలు బాగున్న ఏడు ఎవడు అమ్ముతాడు? కొండ యాడికి పోయిద్ది, ఈడనే ఉండిద్ది గదా."

పట్నాల్లో చదువుకున్నవాళ్ళు ఇదే మాట కోటు వేసుకుని చెప్తారని తర్వాతెప్పుడో విన్నాను. బాబాయి మాటలో తప్పేం లేదు. తప్పంతా నంబర్లలో ఉంది. ఎవరైనా షేర్లు అమ్ముతామని వస్తే ఆయన ముందు ధర అడిగేవాడు కాదు, నంబరు అడిగేవాడు. తన నంబరుకి ఆనుకుని ఉంటేనే కొనేవాడు. 14301 నుంచి 14400 దాకా ఉన్న కాగితం మంగలాయన దగ్గర ఉంటే రెండున్నర చొప్పున ఇచ్చి తీసుకున్నాడు. దూరపు నంబర్లు రూపాయికి ఇస్తామన్నా వద్దన్నాడు.

"ఊరికే ఇచ్చినా వద్దు. ఆడొక చెక్క, ఈడొక చెక్క ఉంటే ఎవడు తిరిగేది?"

తన ముక్క చూసుకోవడానికి రోజూ గుట్టెక్కి వచ్చేవాడు. కొత్త కాగితం కొన్నప్పుడల్లా "పక్కది కూడా మనదైంది, రాయి" అనేవాడు. నేను డబ్బా మూత తీసేవాణ్ణి. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. ఎందుకు చెప్పలేదని నన్ను నేను చానాసార్లు అడిగాను. ఆ గుట్ట మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నాతో మాట్లాడే మనిషి ఆయన ఒక్కడే. ఆగిపోయిన క్రషరు మీద ఊడిన రేకు గాలికి టపటపలాడేది. పన్నెండయ్యేసరికి, రాని చప్పుడు కోసం నా చెవులు వాటంతటవే బిగుసుకునేవి. ఆ సమయానికి బాబాయి పిన్ని కట్టిచ్చిన గోంగూర అన్నం మూట విప్పి, సగం నా ముందు పెట్టేవాడు. నిజం చెబితే ఆ సగం అన్నం ఆగిపోతుందని భయపడ్డానేమో. లేక సర్వేయరుగా ఉండటం నాకు బాగుందేమో. రెండూ సిగ్గుపడాల్సినవే.

ఆయన తన ముక్క చుట్టూ సున్నంతో గీత గీశాడు. అంచున ఒక కర్ర పాతి, మిరపచేలో పెట్టినట్టే బోర్లించిన కుండకి సున్నపు చుక్కలు పెట్టి దిష్టికుండ కట్టాడు. కుండకి కళ్ళు, మూతి కూడా దిద్దాడు. కింద నుంచి చూస్తే గుట్ట అంచున ఎవరో తల ఎత్తి మన వైపే చూస్తున్నట్టుండేది. చేతికర్రతో బండ మీద కొడుతూ చెవి వంచి వినేవాడు.

"కిందకి ఎంతుందిరా నాది?"

"ఎంతుంటే అంత నీదే బాబాయ్."

తర్వాత, మధ్య ముక్క ఎట్టాగూ తనకే వస్తుందన్న ధీమాతో, 14501 నుంచి 14600 వరకు ఉన్న కాగితం కూడా సంపాదించాడు. ఇప్పుడు ఆయన నంబర్లకి మధ్యలో సరిగ్గా నూరు నంబర్లు మిగిలిపోయాయి. అవి నరసరావుపేటలో ఒక పత్తి వ్యాపారి దగ్గరున్నాయి. ఆ వ్యాపారి దగ్గర ఇలాంటి కాగితాలు పెద్ద కట్టే ఉంది. అమ్మితే కట్ట మొత్తం అమ్ముతాను, విడిగా ఒక్కటి కూడా తియ్యను అన్నాడట. ముసలాయన ఆత్రం కనిపెట్టి బజారు ధర మీద ఇంకో రూపాయి ఎక్కువ చెప్పాడట కూడా.

బాబాయి కాలువ కింద ఎకరం బేరానికి పెట్టాడు.

ఆ మాట నాకు చెప్పింది పిన్ని. గుట్ట మీదికి ఆమె రావడం అదే మొదలు. ఎండలో ఆయాసపడుతూ ఎక్కి వచ్చి, దిష్టికుండని, గోడంత అంకెల్ని చూసి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏమిరా, ఏం చెప్పావు మా ఆయనకి? మధ్యలో ఎవడిదో చెక్క ఉంది, దారికి అడ్డమంటన్నాడు. ఆ ఎకరం పోతే మేం తినేది ఈ రాళ్ళా?"

నాకు జోకు రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. ఉన్నదంతా చెప్పేశాను. అంకెలు నేనే రాశానని, ఆ నంబర్లకీ కొండకీ సంబంధమే లేదని, నవ్వులాటకి మొదలుపెట్టి ఆపలేకపోయానని. కొట్టిద్దనుకున్నాను. కొట్టలేదు. చాలాసేపు నా బ్రష్షు వైపే చూసింది.

"నాకు కాదురా చెప్పాల్సింది. ఆయనకి చెప్పు. పొలం రాతకోతలు అయ్యేలోపు చెప్పు" అని దిగిపోయింది.

మర్నాడు అన్నం మూట విప్పకముందే చెప్పాను. బాబాయి చివరిదాకా విన్నాడు. విని, ముద్ద కలుపుతూ నవ్వాడు.

"నీకెంత ఇస్తానన్నాడురా ఆ పేట వ్యాపారి?"

"ఎవడూ ఏమీ ఇవ్వలా బాబాయ్. నీ తోడు. అన్నీ అబద్ధాలు."

"నువ్వు ఏనాడన్నా నిజం చెప్పావురా? కిందటి నెల మా ఎద్దుకి లాటరీ తగిలిందని ఊరంతా చెప్పావు. అప్పుడు నవ్వా. ఇప్పుడూ నవ్వుతన్నా."

నోటి మాటకి విలువ లేకపోతే చేత్తో చూపిద్దామనుకున్నాను. ఆయన దిగిపోయాక కిరసనాయిలు, గుడ్డ తీసుకుని అంకెల్ని తుడవడం మొదలుపెట్టాను. 14201లో సగం పోయింది. వెనక అలికిడైతే తిరిగి చూశాను. మరిచిపోయిన చేతికర్ర కోసం వెనక్కి వచ్చిన బాబాయి నిలబడి ఉన్నాడు. ఎండకి కాదు, ఆయన మొహం వేరే దేనికో నల్లబడింది.

"చూడు బాబాయ్, తుడిస్తే పోతంది. నేను రాసిందే గాబట్టి పోతంది."

"గట్టురాళ్ళు పీకేవాడు కూడా ఇట్టాగే అంటాడు. పీకితే వచ్చింది గాబట్టి నీది కాదంటాడు."

మా వైపు ఎంత తప్పు చేసినవాడికైనా ఊరు ఏదో ఒక రోజు మంచినీళ్ళిస్తుంది. గట్టు జరిపినవాడికి ఇవ్వదు. ఆ క్షణం నుంచి నేను ఆయనకి గట్టు జరిపినవాణ్ణి. చేతికర్ర తీసుకుని వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా ఎకరం అమ్ముడుపోయింది, కట్ట ఇంటికొచ్చింది.

తర్వాత కూడా ఆయన రోజూ గుట్టెక్కేవాడు, నాతో మాత్రం మాట్లాడేవాడు కాదు. అన్నం మూట అవతల వైపు తిరిగి విప్పుకునేవాడు. ఎక్కడి నుంచో ఎర్ర పెయింటు తెచ్చుకుని, నేను తుడిపేసిన చోట తనే రాసుకున్నాడు. మధ్య ముక్క నంబర్లు కూడా తనే రాశాడు. చదువు రాని చెయ్యి. రెండు బాతులా వంగింది, నాలుగు కాలు విరిగిన కుర్చీలా ఒరిగింది. నేను రాసిన నిటారు అంకెల పక్కన ఆ వంకర అంకెలు. రోజంతా నేను చూడాల్సింది వాటినే. కాపలా నా ఉద్యోగం కదా.

వానలు తిరిగి పడ్డాయి. ఇళ్ళ గోడలు లేవడం మొదలైంది. ఎవరో పెద్దవాళ్ళు మా ఫ్యాక్టరీ కొంటున్నారని పుకారు పుట్టింది, బట్టీ మళ్ళీ వెలిగింది, మాచర్ల నుంచి మేస్త్రి తిరిగొచ్చాడు. షేరు రెండు నుంచి పైకి పాకింది. ఊళ్ళో మిగిలిన కాగితాలన్నీ అమ్ముడయ్యాయి. బాబాయిని కూడా అడిగారు. "కాగితాలా? నా దగ్గర కాగితాల్లేవు. కొండ ఉంది" అన్నాడట.

పై అంచుకి డ్రిల్లు చేరిన రోజు ఆయన పొద్దున్నే వచ్చి తన గీతలో కూర్చున్నాడు. పదకొండయింది. ఎర్రజెండా ఎగరేశారు. మేస్త్రి మొదటి ఈల ఊదాడు. కదల్లేదు. ఇద్దరు ముగ్గురు కింద నుంచి అరిచారు, తిట్టారు. "నువ్వే తెచ్చి పెట్టావు, నువ్వే దించు" అన్నాడు మేస్త్రి నాతో.

ఎక్కాను. మొదట నిజమే చెప్పాను, కాళ్ళు పట్టుకుని మరీ చెప్పాను. నిజం ఆయన పక్క నుంచి గాలిలా పోయింది. రెండో ఈల మోగింది. అప్పుడు నాకు తెలిసిన విద్య వాడాను.

"బాబాయ్, పేలిస్తేనే కొలతకొచ్చిద్ది. మిరప కొయ్యకుండా కాటా పెడతారా? కిందకి దిగు. నీ రాయి విడిగా కుప్ప పోయిస్తా. నేనే నిలబడి పోయిస్తా."

ఎన్నో నెలల తర్వాత ఆయన నా మొహంలోకి చూశాడు.

"విడిగా పోయిస్తావా?"

"పోయిస్తా."

లేచాడు. చెప్పులు చేత్తో పట్టుకున్నాడు. ఇంకో చేత్తో నా మణికట్టు పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ దిగాడు. ఆ పట్టు ఇప్పటికీ మణికట్టు మీద ఉన్నట్టే ఉంటుంది.

కింద రేకుల చాటుకి చేరి మేస్త్రికి చెయ్యి ఊపాను. ఊపాక తల ఎత్తి చూస్తే, గుట్ట అంచున ఇంకా ఒక తల ఉంది. కళ్ళు, మూతి. మా వైపే చూస్తోంది. నా పక్కనే ఉన్న మనిషి పైన ఎలా ఉన్నాడు? ఆపండి అని గొంతు చించుకున్నాను. మేస్త్రి అప్పటికే మీట నొక్కేశాడు. కొండ ముందు కొంచెం ఉబ్బి, ఆ తర్వాత కూలింది. దిష్టికుండ అని దుమ్ము మొహాన కొట్టాక గుర్తొచ్చింది. గుర్తొచ్చినా లాభం లేకపోయింది. ఆ తర్వాత పేలిన ప్రతి తూటాకీ నాకు ముందు ఆ తల కనపడేది. క్వారీ పని మానేసింది అందుకే, నడుం నొప్పి అని అందరికీ చెప్పినా.

దుమ్ము సర్దుకోగానే బాబాయి రాళ్ళలోకి నడిచాడు. "నాదేదిరా?" అన్నాడు. ఏదో ఒక కుప్ప చూపించాను. సాయంత్రం దాకా దాని పక్కనే నిలబడి, వచ్చిన ప్రతి టిప్పరు డ్రైవరుకీ చెప్పాడు: "అయ్యా, ఇది విడిగా పొయ్యండి, ఇది వేరే వాళ్ళది." డ్రైవర్లు సరే సరే అంటూ ఎత్తుకుపోయి అన్నిటితో పాటే క్రషరులో పోశారు. చివరికి ఒంటిచేత్తో ఎత్తగలిగిన రాయి ఒకటి ఎత్తుకుని ఇంటికి పోయాడు. దాని మీద ఆయన రాసిన వంకర నాలుగు ఉంది.

మళ్ళీ గుట్టెక్కలేదు. గుమ్మం ముందు ఆ రాయి పెట్టుకుని పక్కన కూర్చునేవాడు. ఆ మరుసటి ఎండాకాలం జ్వరం వచ్చి పోయాడు. పోయేముందు నన్ను పిలిపించాడని, కుప్ప సంగతి అడగాలన్నాడని పిన్ని చెప్పింది. నేను పేటలో ఉన్నాను. ఉన్నానని చెప్పాను. నిజానికి ఊళ్ళోనే ఉన్నాను.

ఆ ఏడే ఫ్యాక్టరీ చేతులు మారింది. పిన్ని పేరు మీదికి కాగితాలు మార్పించడానికి గురజాల కోర్టు చుట్టూ నేనే తిరిగాను. వాటిని అమ్మితే, ఎకరం అమ్మగా వచ్చినదానికి రెండింతలు వచ్చింది. ఊరు ఊరంతా, ముసలాయన ఎంత ముందుచూపు గలవాడు, అందరూ వదులుకున్నప్పుడు కొన్నాడు అని మెచ్చుకుంది. నన్నెవరూ ఒక్క మాటా అనలేదు. కాలువ కింది ఎకరం కొన్నాయన తిరిగి ఇవ్వనన్నాడు. పిన్ని మెట్టన రెండెకరాలు కొంది. రాళ్ళ నేల.

గుమ్మం ముందు రాయి అలాగే ఉంది. వానకి, ఎండకి అంకె వెలిసిపోతుంటుంది. ఏటా ఆయన తద్దినం ముందురోజు పిన్ని కబురు పెడుతుంది. వెళ్ళేసరికి చిన్న డబ్బా, బ్రష్షు అరుగు మీద ఉంటాయి. చెప్పులు విడిచి కూర్చుంటాను. మొదటిసారి, చెయ్యి అలవాటు కొద్దీ నిటారుగా రాయబోతే, వెనక నుంచి ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"నీ రాత వద్దురా. ఆయన రాసినట్టు వంకరగానే రాయి."